పని లేకుండానే ఖరగ్‌పూర్

మా అన్నయ్య బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఉంటాడు, నేను శ్రీకాకుళం జిల్లా పలాసలో. ఏటా చలికాలంలో వెళ్లి అన్నయ్యా వదినలతో కొన్నాళ్లు ఉండి వస్తాను. టికెట్ తీశానని చెప్పగానే పక్కింటావిడ దగ్గర్నుంచి నా కొడుకు దాకా అందరూ అడిగేది ఒకటే, "ఏం పని మీద?" అని. పెళ్లా? గృహప్రవేశమా? ఎవరికైనా ఒంట్లో బాగోలేదా? అవేమీ కాదు, అన్నయ్యను చూడ్డానికి అంటే కాసేపు ఏమీ అనరు. "రోజూ వీడియో కాల్‌లో చూస్తూనే ఉన్నావు కదమ్మా" అంటాడు మా అబ్బాయి బెంగళూరు నుంచి. వాడి బెంగ నాకు తెలుసు. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, బీపీ ఉంది, తోడెవరూ ఉండరు. కానీ నా చిన్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ ఎవరినీ అడిగిన గుర్తు లేదు. బడికి సెలవులిచ్చారు కాబట్టి అమ్మమ్మ ఇంటికి వెళ్లేవాళ్లం. అమ్మమ్మ ఇల్లు ఉంది కాబట్టి వెళ్లేవాళ్లం.

మా ప్రయాణం మామూలుగా అందరూ చెప్పేదానికి తిరగేసినట్టు ఉంటుంది. ముసలితనంలో పిల్లల దగ్గరికి వేరే రాష్ట్రం వెళ్లే అమ్మానాన్నలు ఊరూరా ఉన్నారు. నేను పుట్టిందే పరరాష్ట్రంలో. మా తాతయ్య, అంటే నాన్న వాళ్ల నాన్న, బి.ఎన్.ఆర్. రోజుల్లో ఖరగ్‌పూర్ వెళ్లి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అప్పట్లో వాల్తేరు దాకా ఉండేది. ఆ లైను మీదున్న మన శ్రీకాకుళం వైపు ఊళ్ల నుంచి, విజయనగరం వైపు నుంచి జనం అదే లైను పట్టుకుని పనికి వెళ్లారు. అలా వెళ్లినవాళ్ల పిల్లలూ మనవలూ అక్కడే ఉండిపోయారు. ఇప్పటికీ ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో నిలబడితే తెలుగు వినబడుతుంది. రైల్వే క్వార్టర్ల వీధుల్లో మన వాళ్లు మాతా పూజలు చేస్తారు, ఘటాలెత్తుతారు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేను 1956లో అక్కడే క్వార్టర్‌లో పుట్టాను. బెంగాలీ, హిందీ ఆటల్లో వచ్చేశాయి. తెలుగు మాత్రం అమ్మ దగ్గరే.

అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. అక్కడికి వెళ్లాలంటే ముందు పాసు, అంటే రైల్వే ఉద్యోగి ఇంటివాళ్లకిచ్చే ఉచిత ప్రయాణ కాగితం, రావాలి. రైల్వే వాళ్ల ఇళ్లలో పాసు అంటే ఏమిటో మిగతావాళ్లకు చెప్పడం కష్టం. నాన్న ఆఫీసులో దరఖాస్తు పెట్టేవాడు. కొన్నాళ్లకి ఒక కాగితం వచ్చేది. దాని మీద అమ్మ పేరు, అన్నయ్య పేరు, నా పేరు, చెల్లి పేరు, ఎదురుగా వయసులు. ఎక్కడ నుంచి ఎక్కడికో రాసి ఉండేది. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజు నుంచి మాకు చదువు బుర్రకెక్కేది కాదు. అన్నయ్య దాన్ని తీసి "నీ పేరు ఉందో లేదో చూసుకో" అని నన్ను ఏడిపించేవాడు. నేను నిజంగానే వెతుక్కునేదాన్ని. వేలు పెట్టి చదివేదాన్ని.

హోల్డాల్‌లో పక్కబట్టలు చుట్టడం నాన్న పని. మట్టి కూజాలో నీళ్లు, పులిహోర, చపాతీలు, బెల్లం మరమరాలు అమ్మ పని. అమ్మమ్మకి ఒక బెంగాలీ తాంత్ నూలు చీర, మావయ్యకి టిన్నులో రసగుల్లాలు. నాన్నకి అన్ని రోజులు సెలవు దొరికేది కాదు. స్టేషన్ దాకా వచ్చి ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "వంతెనల మీద తల బయట పెట్టకండి" అని చెప్పేవాడు. ఆఖర్లో నాలుగు రోజులుండేలా వచ్చి మమ్మల్ని తీసుకెళ్లేవాడు.

రాత్రి బండి ఎక్కితే ఒరిస్సా సగం నిద్రలో పోయేది. అయినా నదులు వచ్చినప్పుడు అమ్మ లేపేది. ఆ రైలు లైను మీద నదులు ఎన్నో! సువర్ణరేఖ, బాలాసోర్ దగ్గర బుడాబలంగ్, తర్వాత వైతరణి, బ్రాహ్మణి, కటక్ దగ్గర మహానది, అది దాటీ దాటగానే కాఠజోడి. వంతెన మీదికి రాగానే బండి చప్పుడు మారిపోతుంది, ఆ చప్పుడుకే మెలకువ వచ్చేసేది. అమ్మ కొంగు ముడి విప్పి తలో పైసా బిళ్ల చేతిలో పెట్టేది. చీకట్లో కింద నీళ్లున్నాయో ఇసకే ఉందో తెలియకుండా విసిరేసేవాళ్లం. వైతరణి దగ్గర మాత్రం డబ్బులు వేయనిచ్చేది కాదు. దణ్ణం పెట్టుకోమనేది. ఎందుకని అడిగితే "పెద్దయ్యాక చెప్తాను" అనేది. నేను బళ్లో భూగోళం పరీక్షలో ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చుకునేదాన్ని. మాష్టారు మెచ్చుకున్నప్పుడు నాకు గుర్తొచ్చేది అమ్మ కొంగు ముడే.

ఖుర్దా రోడ్డులో బండి చాలాసేపు ఆగేది. బొగ్గు ఇంజన్లు అప్పుడు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ల కంట్లో నలుసు పడక మానదు. అమ్మ కొంగు చివర చిన్న ఉండలా చుట్టి, నోటితో ఆవిరి పట్టి, కంటికి అద్దేది. తెల్లవారేసరికి చిలకా సరస్సు. బాలుగావ్ నుంచి రంభ దాకా బండి నీళ్ల పక్కనే పోతుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క కనుచూపు మేర నీళ్లు, తెరచాప పడవలు. స్టేషన్లలో ఎండు రొయ్యల వాసన వచ్చేది. చెల్లి ముక్కు మూసుకునేది, అన్నయ్య గట్టిగా పీల్చేవాడు.

ఋషికుల్య దాటి బరంపురం వచ్చేసరికి టీ అమ్మేవాళ్లు తెలుగులో మాట్లాడేవాళ్లు. అది ఒరిస్సాయే, అయినా తెలుగు వాళ్లెక్కువ. అమ్మ ముఖం అక్కడే మారిపోయేది. ఖరగ్‌పూర్‌లో అమ్మ నెమ్మదిగా, తక్కువగా మాట్లాడే మనిషి. బెంగాలీ రాదు, హిందీ అంతంత మాత్రం. బరంపురం ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలమ్మే మనిషితో బేరమాడుతూ, అతని ఊరేదో, వాళ్ల పిల్లలెందరో కనుక్కుని, కిటికీలోంచి గలగలా మాట్లాడేది. ఆ గొంతు మా ఇంట్లో మేం ఎప్పుడూ విననిది. నేను ఆ ప్రయాణాల గురించి దేన్ని మర్చిపోయినా దీన్ని మర్చిపోను. ఇచ్ఛాపురంలో స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరాలు వచ్చేవి. అన్నయ్య గట్టిగా చదివేవాడు.

సోంపేట స్టేషను ఉండేది కంచిలిలో. అక్కడ దిగేవాళ్లం. మావయ్య ఎడ్లబండి కట్టించుకుని వచ్చి ఉండేవాడు. పడమటి వైపు మహేంద్రగిరి, తూర్పు వైపు కొబ్బరి తోటలు. జీడితోటల మధ్య ఇసక దారిలో బండి చక్రాలు దిగబడిపోతే మేమంతా దిగి నడిచేవాళ్లం. ఇంటి ముందు అమ్మమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని ఉండేది. "ఒచ్చీసినారా! ఏటే ఇలగ ఎండిపోనారు? ఆ ఊర్ల కూడు దొరకదేటే?" అని అమ్మను అడిగేది. ప్రతిసారీ అదే అడిగేది, అమ్మ ప్రతిసారీ నవ్వేది.

అక్కడ మేం ఏం చేసేవాళ్లం అంటే ఏమీ చేసేవాళ్లం కాదు. పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగి తోటలోకి పోవడం. జీడిపళ్లు తింటే గొంతు పట్టేసేది, బట్టలకి మరకలయ్యేవి. పనసపండు కోసిన రోజు మావయ్య చేతికి నూనె రాసుకుని అరుగు మీద కూర్చునేవాడు, చుట్టూ పిల్లలం. సాయంత్రాలు బారువ సముద్రం. రాత్రి పెరట్లో మంచాలు. అమ్మ, అమ్మమ్మ ఎంత రాత్రిదాకా మాట్లాడుకునేవారో! పెద్ద సంగతులేమీ కావు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు పుట్టింటికెళ్లి రాలేదు, చింతపండు ఏ ధర పలికింది. మధ్యలో ఇద్దరూ చాలాసేపు ఊరుకునేవారు. నిద్రపోయారేమో అనుకుంటే మళ్లీ మొదలయ్యేది. నాకు ఇప్పుడు అర్థమవుతోంది, ఆ ఊరుకోవడం కోసమే అన్ని రోజులు కావాలి. మూడు రోజుల పెళ్లికి వచ్చిన మనిషికి అంత తీరిక దొరకదు.

నాకు 1976లో పెళ్లయింది. ఆయన పలాస దగ్గర బడిలో మాష్టారు. నాన్న పాసులోంచి నా పేరు పోయింది. పెళ్లయిన కూతురి పేరు పాసులో ఉండదు, అది రైల్వే నియమం. కొడుకుల పేర్లు కూడా 21 ఏళ్లు నిండితే తీసేస్తారు, చదువుతుంటే తప్ప. తెలిసిన సంగతే అయినా ఆ ఏడు వేసవిలో అమ్మావాళ్లు వచ్చినప్పుడు నేను ఆ కాగితం అడిగి తీసుకుని చూశాను. అమ్మ పేరు, చెల్లి పేరు. అన్నయ్య అప్పటికే వర్క్‌షాపులో చేరాడు, అతనికి సొంత పాసు.

ఆ తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లు వేగంగా చెప్పేయొచ్చు. పిల్లలు, బడి, ఆయన బదిలీలు, అత్తగారి మంచం. ఖరగ్‌పూర్ వెళ్లాను, వెళ్లకపోలేదు. చెల్లి పెళ్లికి, నాన్న పోయినప్పుడు, అన్నయ్య కొత్తింట్లో పాలు పొంగించినప్పుడు. ప్రతిసారీ ఇంటి నిండా జనం. అన్నయ్య వంటవాళ్లతోనో పంతులుగారితోనో తిరుగుతూ ఉండేవాడు. నేను వంటింట్లో. తిరుగు ప్రయాణంలో స్టేషన్ మెట్ల మీద "ఎలా ఉన్నావే?" అని అడిగేవాడు. జవాబు చెప్పేలోపు బండి వచ్చేది.

మళ్లీ దారి చూపించింది అమ్మే. నాన్న పోయాక రైల్వే వాళ్లు భర్త పోయినవాళ్లకిచ్చే పాసు అమ్మకి వచ్చింది. ఆ పాసు మీద ఒకరోజు పలాస ఇంటి గుమ్మంలో దిగింది, చిన్న రేకు పెట్టెతో, ముందు కబురేమీ లేకుండా. నాకు టెన్షన్ పట్టుకుంది, ఏమైందో ఏమోనని. వదినతో మాటా మాటా వచ్చిందా? ఒంట్లో బాగోలేదా? అడిగితే అమ్మ చాలా తేలిగ్గా చెప్పింది. "పనుంటే ఉత్తరం రాస్తాను కదే. పని లేదు కాబట్టే వచ్చాను." నెల పైగా ఉంది. మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేవాళ్లం. అప్పుడు అడిగాను వైతరణి సంగతి. చచ్చిపోయినవాళ్లు దాటాల్సిన నది పేరు అదేనని, చిన్నపిల్లలకి రాత్రిపూట ఏం చెప్తామని ఊరుకున్నానని అంది. ఉన్నంత కాలం అలా వస్తూనే ఉంది.

ఆయన పోయిన మరుసటేడు నుంచి నేనూ మొదలుపెట్టాను.

ఇప్పటి ప్రయాణం సుఖం. పలాసలో పొద్దున్నే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రానికి అక్కడుంటాను. మా అమ్మాయి విశాఖ నుంచి ఫోన్‌లో టికెట్ తీసేస్తుంది. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది, అదొక మేలు. ఒకప్పుడు 58 ఏళ్లు దాటిన ఆడవాళ్లకి టికెట్టులో సగం రాయితీ ఉండేది, మగవాళ్లకి 60 దాటితే నలభై శాతం. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపారు, మళ్లీ ఇవ్వలేదు. ఇది తిరిగి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. నాకు పింఛను వస్తుంది, ఏదోలా గడుస్తుంది. మా వీధిలో జీడిపప్పు బట్టీలో పనిచేసే ఒకావిడ ఉంది, వాళ్ల అక్క కటక్‌లో. రాయితీ ఉన్నప్పుడు ఏటా వెళ్లేది, ఇప్పుడు మానేసింది. ముసలివాళ్లు తమ వాళ్లను చూసుకోవడం విలాసమేమీ కాదు.

ఏసీలో కిటికీ అద్దం తెరుచుకోదు. నదులు అద్దంలోంచే చూస్తాను, ఇప్పుడు పగలు కాబట్టి ఇసక తిన్నెలు, వాటి మధ్య సన్నటి నీటి పాయలు అన్నీ కనిపిస్తాయి. వంతెన చప్పుడు తగ్గింది గానీ వినిపిస్తుంది. నేను ముందే చెప్తాను ఏ నది వస్తోందో. పక్కనున్న పిల్లలు ఫోన్‌లో మ్యాప్ చూసి "కరెక్ట్ ఆంటీ" అంటారు.

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనాగా బజార్‌లో కోరమాండల్ ప్రమాదం జరిగింది. రెండు వందల తొంభై మందికి పైగా పోయారు. అది మా దారే. మా ఇద్దరు పిల్లలూ ఆ రాత్రి ఫోన్ చేసి, ఇక నువ్వు ఆ వైపు వెళ్లొద్దన్నారు. అన్నయ్య కూడా అదే మాటన్నాడు. జీవితమంతా రైల్వేలో చేసిన మనిషి అలా అనేసరికి నాకు కష్టం వేసింది. ఆ చలికాలమే వెళ్లాను. బహనాగా బజార్ వచ్చేసరికి పెట్టెలో మాటలు ఆగిపోయాయి. ఎదురు సీట్లో ఉన్న ఒరియా పెద్దాయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోనే పొడవైనదని చాలా ఏళ్లు పుస్తకాల్లో రాసేవాళ్లు, 1072 మీటర్లని. 2013లో గోరఖ్‌పూర్‌ది, 2023లో హుబ్బళ్లిది దాన్ని దాటేశాయి. మాకది చిన్నప్పుడు పరుగు పందెం దారి. ఇప్పుడు దిగిన పెట్టె ఎటు చివర పడిందో చూసుకుని, మోకాళ్లను బట్టి నడవాలి. అన్నయ్యకి డెబ్బై మూడు. రావొద్దంటే వినడు. కర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంటాడు. నన్ను చూడగానే లేవాలని చూస్తాడు, నేను గబగబా వెళ్లి పక్కన కూలబడతాను. ఇద్దరం కాసేపు ఊపిరి తీసుకుంటాం. కూలీ దొరికితే మెట్లెక్కి, బయట టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కి ఇంటికి.

వదిన ఆలూ పోస్తో (గసగసాలతో బంగాళాదుంప కూర) చేస్తుంది, పక్కనే చేపల పులుసు. వాళ్ల మనవలు నాతో హిందీలో మాట్లాడి, గుర్తొచ్చినప్పుడు తెలుగులోకి వస్తారు. చిన్నదానికి నేను అక్షరాలు దిద్దిస్తున్నాను. దానికి ఇచ్ఛాపురం బోర్డు చదివించాలని నా ఆశ. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య వరండాలో పడక్కుర్చీలో, నేను మెట్టు మీద. వర్క్‌షాపు సైరన్ వినబడితే ఇప్పటికీ గడియారం వైపు చూస్తాడు. మాట్లాడుకుంటాం. చాలాసేపు ఊరుకుంటాం. ఒకరోజు ఉన్నట్టుండి, "నిజంగా నీ పేరు పాసులో రాలేదే ఒకసారి, నాన్న మళ్లీ వెళ్లి రాయించుకొచ్చాడు, నీకు చెప్పొద్దన్నాడు" అన్నాడు. అరవై ఏళ్ల కిందటి సంగతి! ఇది ఫోన్‌లో ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్‌లో మేం మందులు, వాతావరణం మాట్లాడుకుంటాం.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అన్నయ్యే ఇటు వచ్చాడు. ఫోన్లు పనిచేయలేదు, కరెంటు లేదు. బండ్లు మొదలవగానే ఎక్కి దిగాడు. ఇద్దరం కవిటి వైపు వెళ్లాం. అమ్మమ్మ తోటలో కొబ్బరిచెట్లు వరసగా ఒకే వైపు పడి ఉన్నాయి, జీడిచెట్లు వేళ్లతో లేచిపోయాయి. మావయ్య అప్పటికే లేడు. ఉద్దానంలో ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. మేం ఏమీ తీసుకెళ్లలేదు, చేయగలిగిందీ లేదు. అత్త ఇద్దరి చేతులూ పట్టుకుని, "మీరు ఒచ్చినారు, సాలు" అంది.

ఈ సంక్రాంతికి అన్నయ్యా వదినా పలాస వస్తున్నారు. రిటైరైన వాళ్ల పాసు అన్నయ్యకి ఉంది. ఇప్పుడు రిజర్వేషను అరవై రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు పొద్దున్నే చేయించమని వాళ్ల అబ్బాయికి చెప్పి ఉంచాడు. ఇద్దరికీ కింది బెర్తులే కావాలి. నేను కారు మాట్లాడాను, అత్త దగ్గరికి. ఒక్క రోజుకు కాదు, ఉండడానికే. అత్తకి ఎనభై తొమ్మిది. ఫోన్ చేసి చెప్తే, "ఏటి పనమ్మా?" అని అడగలేదు. "మీ వదిన పనసపొట్టు తింటదా, బెంగాలు కూరలకి అలవాటు పడిపోనాదా?" అని అడిగింది. తింటుందని చెప్పాను.